పిల్లల ఆట ఎవరి బాకీ

రాజోలు నుంచి లోపలికి వెళ్లే కాలవగట్టు రోడ్డు మీద ఒక జిల్లా పరిషత్ హైస్కూలు ఉంది. సంక్రాంతి సెలవులయ్యాక ఒక ఉదయం ఆ బడి గేటు ముందు బొమ్మలు అతికించిన వ్యాను ఆగింది. దిగిన కుర్రాళ్లు గంటలో జెండాలు కట్టారు, మైకు పెట్టారు, పిల్లలకు టీషర్టులు తొడిగారు. ప్రతి టీషర్టు మీదా గుండె దగ్గర ఒక కంపెనీ గుర్తు. ఎనిమిది బంతులు, రెండు వాలీబాల్ నెట్లు, నాలుగు క్రికెట్ బ్యాట్లు ఇచ్చారు. ఎనిమిదో తరగతి పిల్ల చేత థాంక్యూ చెప్పించి వీడియో తీశారు. గాలికి మాట సరిగా రాలేదని మళ్లీ చెప్పించారు, మళ్లీ మళ్లీ చెప్పించారు. మధ్యాహ్న భోజనం గంట కొట్టేసరికి వ్యాను వెళ్లిపోయింది. నేను ఆ బడిలో చదువుకున్నవాణ్ణి, పిలిస్తే వెళ్లాను. తల్లిదండ్రుల కమిటీలో ఉన్న పెద్దాయన ఒకరు నా మొహం చూసి, "ఎవరిస్తేనేంటండీ బాబూ, పిల్లలకి బంతులొచ్చాయి కదా! మనం ఇవ్వలేకపోయాం, ఆళ్లిచ్చారు" అన్నారు.

ఆ మాట ఆయనొక్కరిదే అయితే ఈ వ్యాసం అక్కర్లేదు. ఇవాళ అందరి మాటా అదే. పర్పస్ మార్కెటింగ్ అని వ్యాపార చదువుల్లో దీనికి పేరు. సరుకును ఉత్త సరుకుగా అమ్మకుండా ఒక మంచి పనికి ముడిపెట్టి అమ్మడం దీని పద్ధతి. ఈ సబ్బుపొడి కొంటే పిల్లల్ని మట్టిలో ఆడుకోనిచ్చిన తల్లివి, ఈ పొడి పాలల్లో కలిపితే ఎక్కడో ఒక పల్లె పిల్ల పరుగుకు తోడుపడ్డ తండ్రివి. దీన్ని సమర్థించేవాళ్ల వాదన సూటిగానే ఉంటుంది. ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు, కంపెనీల దగ్గర ఉంది. కంపెనీ ఊరికే ఇవ్వదు, పేరు కోరుతుంది. పేరొస్తే మరో ఏడాదీ ఇస్తుంది. పిల్లకు ఆట దక్కింది, కంపెనీకి గిరాకీ దక్కింది, నష్టపోయిందెవరు?

పిల్లలే నష్టపోయారని నేనంటున్నాను. ఎందుకంటే ఆట ఆ పిల్లలకు మనం పడ్డ బాకీ. ప్రభుత్వం, పంచాయతీ, ఈ నేల మీద వ్యాపారం చేసుకునేవాళ్లు అందరూ కలిసి తీర్చాల్సిన బాకీ. ఎవరో ఒకరొచ్చి దాన్ని బహుమతిగా చేతిలో పెట్టి ఫోటో దిగితే, బాకీ పడ్డవాళ్లంతా ఆ ఫోటో వెనక దాక్కుంటారు. అడగాల్సిన పిల్ల థాంక్యూ చెబుతుంది.

కోనసీమలో ఈ మాట ఎక్కడ మొదలైనా సాత్విక్ దగ్గరికి వచ్చి ఆగుతుంది. ఆగాలి కూడా. 2000లో అమలాపురంలో పుట్టిన బ్యాడ్మింటన్ ఆటగాడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ 2022 మే నెలలో బ్యాంకాక్‌లో థామస్ కప్ గెలిచిన భారత జట్టులో ఉన్నాడు. చిరాగ్ శెట్టితో జతకట్టి ఆ ఏడాదే కామన్వెల్త్ స్వర్ణం, మరుసటి ఏడాది ఆసియా ఛాంపియన్‌షిప్, ఇండోనేషియా ఓపెన్, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచాడు. ఆ ఏడాది అక్టోబరులోనే ఆ జంట ప్రపంచంలో మొదటి ర్యాంకుకు చేరింది. అంతకు ముందు, 2023 ఏప్రిల్ 14న, జపాన్‌లోని సోకా పట్టణంలో యోనెక్స్ కంపెనీ ఫ్యాక్టరీ వ్యాయామశాలలో, ఆ కంపెనీ రాకెట్‌తోనే గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టాడు. మలేషియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్ పేరిట 2013 నుంచి నిలిచిన 493 కిలోమీటర్ల రికార్డు పోయింది. గిన్నిస్ పుస్తకంలో మన అమలాపురం కుర్రాడి పేరు చేరింది.

చూశారా, కంపెనీ లేకపోతే ఆ రికార్డు ఎక్కడిదని అడుగుతారు. వేగాన్ని కొలిచింది కంపెనీయే, కాదనను. ఆ చేతిని పెంచిందెవరు? సాత్విక్ తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు, మన పల్లెల మాటలో డ్రిల్లు మాస్టారు. ఆయన స్వయంగా బ్యాడ్మింటన్ ఆడినవారు. అన్న కూడా ఆడేవాడు. పిల్లవాడికి రాకెట్ పట్టుకోవడం నేర్పడానికి, రోజూ కోర్టుకు తీసుకెళ్లడానికి, ఇవాళ బాగా ఆడలేదని చెప్పడానికి ఇంట్లోనే మనిషి ఉన్నాడు. అక్కడినుంచి 2014లో హైదరాబాద్‌లోని పుల్లెల గోపీచంద్ అకాడమీకి వెళ్లాడు. ఫ్యాక్టరీ వ్యాయామశాల అంతకు తొమ్మిదేళ్ల తర్వాతి మాట. చెట్టు ఎదిగి గెల వేశాక వచ్చినవాణ్ణి నాటినవాడిగా లెక్కకట్టడం ఏ రైతూ ఒప్పుకోడు.

కోనసీమలో పుట్టిన ప్రతి పిల్లకూ డ్రిల్లు మాస్టారైన తండ్రి ఉండడు. కొబ్బరి వలిచే కూలీ కూతురికి, లంకలో బెండ తోట చేసే కౌలు రైతు కొడుక్కి, చేపల వలలు అల్లే ఇంటి పిల్లకు అలాంటి మనిషి బడిలోనే దొరకాలి. నా వాదనంతా ఈ ఒక్క విషయం మీద నిలబడి ఉంది. పిల్లను ఆటకు దగ్గర చేసేది రోజూ వచ్చే ఒక పెద్దమనిషి, రోజూ తెరిచి ఉండే ఒక నేల, రోజూ మిగిలే ఒక గంట. ఈ మూడింటిలో ఏదీ వ్యానులో రాదు.

చట్టం ఏం చెప్పిందో చూద్దాం. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దాని చివర ఉన్న షెడ్యూలు ఒకటి రెండు పేజీలే ఉంటుంది. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. ప్రతి తరగతికీ అవసరమైన ఆటవస్తువులు ఇవ్వాలంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడిలో పిల్లలు వందకు మించితే ఆరోగ్య, వ్యాయామ విద్యకు కనీసం పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలంది. అంటే ఆ ఎనిమిది బంతులు, రెండు నెట్లు ఎప్పుడో ఆ పిల్లల పేర రాసిపెట్టినవి. వాళ్లకు రావాల్సినదాన్ని వాళ్లకిచ్చి, వాళ్ల చేతే థాంక్యూ చెప్పించారు. ఆ వీడియో చూసినప్పుడల్లా నాకు బాధ కలిగేది అందుకే.

నేల సంగతి కోనసీమవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇక్కడ భూమిని సెంట్లలో కొలుస్తారు, సెంటుకు కూడా తగువులు పడతారు. చుట్టూ కొబ్బరి తోటలు, మధ్యలో కాలవ, కాలవ పక్కన రోడ్డు, రోడ్డు పక్కన ఇళ్లు. ఖాళీ జాగా ఊరంతటికీ కలిపి బడి మైదానం ఒక్కటే. వరి కోతలప్పుడు ధాన్యం అక్కడే ఆరబోస్తారు. సభలు అక్కడే, తీర్థాల్లో దుకాణాలు అక్కడే, నాయకుడొస్తే హెలికాప్టరు దిగేదీ అక్కడే. గోదావరికి వరదొస్తే లంకల జనం తలదాచుకునేది ఆ బడిలోనే. అందులో తప్పు లేదు, ఊరి నేల ఊరికి ఉపయోగపడాలి. కానీ అవన్నీ అయ్యాక ఆ నేలను మళ్లీ ఆటస్థలంగా చేసే బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది. వానాకాలం నాలుగు నెలలూ అక్కడ మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. ఏటా మెరక వెయ్యాలి, కాలవలోకి బోదె తియ్యాలి, తుప్పలు కొట్టించాలి, పాములు చేరకుండా గడ్డి కోయించాలి. ట్రాక్టరుతో మట్టి తోలడాన్ని ఏ కంపెనీ వీడియో తీసుకుంటుంది? మెరక వేసిన నేల ఫోటోలో ఉత్త నేలలాగే కనిపిస్తుంది.

బడి మైదానం మునిగితే పిల్లలు తోటల్లోకి వెళతారు. రెండు కొబ్బరి చెట్లకు తాడు కట్టి వాలీబాల్ ఆడతారు. దింపు రోజున ఆట ఉండదు, కాయలు పడతాయి. మిగతా రోజుల్లో తోటగలాయన దయ. ఇక్కడ మనం సాధారణంగా రాతలో పెట్టని నిజం ఒకటి చెప్పాలి. ఏ తోటలో ఏ పేట పిల్లలు ఆడవచ్చో కోనసీమలో పిల్లలందరికీ తెలుసు. ఎవరూ చెప్పకుండానే తెలుసు. జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టే విషయంలో 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబడ్డ రోజున ఆ తెలిసిన విషయమే బజారున పడింది. అన్ని పేటల పిల్లలూ ఒకే సున్నపు గీత వెనక నిలబడగలిగే చోటు ఈ సీమలో సర్కారు బడి మైదానం ఒక్కటే. దాన్ని పాడుబడనిచ్చి, ఏడాదికోసారి అద్దె ఇండోర్ హాల్లో కంపెనీ పెట్టే పోటీని అందరికీ ఆట అని పిలిస్తే నేను ఊరుకోలేను.

ఇక మాస్టారు. ఈ మధ్య చాలా బళ్లలో డ్రిల్లు మాస్టారు దొరికితే అదృష్టం. దొరికిన ఆయనైనా ఆటలో ఉండడు. హాజరు యాప్‌లో పేర్లెక్కించాలి, భోజనం దగ్గర కాపలా ఉండాలి, పరీక్షల డ్యూటీకి వెళ్లాలి, పంద్రాగస్టు కవాతు చేయించాలి. తొమ్మిది, పది తరగతుల డ్రిల్లు పీరియడ్ లెక్కల మాస్టారికి వెళ్లిపోతుంది. ప్రైవేటు కార్పొరేట్ బడి అయితే మైదానమే ఉండదు, అపార్ట్‌మెంట్ లాంటి మూడంతస్తుల మేడలో పిల్లలు ఉదయం నుంచి రాత్రి దాకా కూర్చుంటారు. ఆ తల్లిదండ్రులు సాత్విక్ ఆట టీవీలో చూస్తూ చప్పట్లు కొడతారు.

ఒక సబ్బుపొడి కంపెనీ చాలా ఏళ్లుగా మనకు మరక మంచిదేనని చెబుతోంది. సర్ఫ్ ఎక్సెల్ యూనిలీవర్ వాళ్లది. ప్రపంచమంతా అదే భావాన్ని పిల్లల ఆటకు ముడిపెట్టి చాటారు. ఇంగ్లండ్‌లో అదే కుటుంబానికి చెందిన పర్సిల్ ఆర్సెనల్ ఫుట్‌బాల్ క్లబ్‌తో కలిసి ఆడపిల్లలు మరకల భయంతో ఆట మానకూడదని ప్రచారం చేసింది. మాట మంచిదే, నేను కాదనను. కానీ కొత్తపేట దగ్గర ఏడో తరగతి పిల్ల ఆట మానేసింది వాళ్లమ్మ మరకకు భయపడి కాదు. బడిలో నీళ్లొచ్చే మరుగుదొడ్డి లేక మానేసింది. సాయంత్రం ఐదు దాటితే తమ ఊరికి ఆటో దొరకక మానేసింది. ఇంటికెళ్లి బిందెలు మోయాలి, తమ్ముణ్ణి చూసుకోవాలి, అందుకు మానేసింది. సమస్యను తల్లి మనసులో పెడితే దానికి మందు సబ్బుపొడి ప్యాకెట్లో దొరుకుతుంది. మరుగుదొడ్డిలోనూ ఆటోలోనూ ఉందని ఒప్పుకుంటే అమ్మడానికేమీ ఉండదు. పర్పస్ మార్కెటింగ్‌లోని అసలు లోపం ఇక్కడుంది. తన దగ్గరున్న సరుకుకు సరిపోయే కష్టాన్నే అది పిల్లల బతుకులో వెతుకుతుంది.

ఆ మంచి ఉద్దేశానికి ఆయుష్షు ఎంత? అదే యూనిలీవర్‌కు కొత్తగా అధిపతి అయిన హైన్ షూమాఖర్ 2023 అక్టోబరులో, ఇకపై ప్రతి బ్రాండ్‌కూ సామాజిక లక్ష్యాన్ని బలవంతంగా అతికించబోమని ప్రకటించారు. అమ్మకాలు మందగించాయి, వాటాదారులు అడిగారు, విధానం మారింది. 2025లో ఆయనే పదవి దిగిపోయారు. వ్యాపారం దృష్టితో చూస్తే ఇందులో వింతేమీ లేదు, కంపెనీ తన వాటాదారులకు జవాబుదారీ. మన దేశంలోనూ చూశాం. క్రికెట్ జట్టు చొక్కా మీద పిల్లల చదువులు చెప్పే బైజూస్ పేరు వెలిగింది, కొన్నాళ్లకు ఆ కంపెనీ దివాలా కోర్టుకెక్కింది. తర్వాత డ్రీమ్ ఎలెవెన్ వచ్చింది, 2025 ఆగస్టులో డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం రాగానే అదీ తప్పుకుంది. జాతీయ జట్టుకైతే మరో కంపెనీ దొరుకుతుంది. ఆరో తరగతిలో పరుగు మొదలుపెట్టిన పిల్లకు పదో తరగతి దాకా ఐదేళ్లు అదే మాస్టారు, అదే ట్రాక్ కావాలి. ఐదేళ్ల మాట ఇచ్చే ప్రచార పథకాన్ని నేనింతవరకూ చూడలేదు.

తిండి సరుకులు అమ్మేవాళ్లది మరీ అన్యాయం. మన పక్కనే, గోదావరి దాటితే ధవళేశ్వరం దగ్గర హార్లిక్స్ ఫ్యాక్టరీ ఉంది. ఎన్నో కుటుంబాలకు కూడు పెట్టింది, ఆ గౌరవం నాకుంది. కపిల్‌దేవ్, సచిన్ బూస్ట్ తాగి బలం తెచ్చుకున్నారని నమ్మి పెరిగిన తరం నాది. 2020లో ఈ రెండూ హిందుస్థాన్ యూనిలీవర్ చేతికి వచ్చాయి. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటి పానీయాలను హెల్త్ డ్రింకుల జాబితా నుంచి తీసేయాలని ఆన్‌లైన్ దుకాణాలకు చెప్పింది. మన ఆహార చట్టంలో హెల్త్ డ్రింకు అన్నదానికి నిర్వచనమే లేదు. అదే నెలలో హార్లిక్స్ వర్గం పేరును కంపెనీ ఫంక్షనల్ న్యూట్రిషనల్ డ్రింక్స్ అని మార్చుకుంది. ఇన్నేళ్లూ ఆ మాట నమ్మి, రావులపాలెం అరటిపండు ఇంట్లో పెట్టుకుని, ఆటాడి వచ్చిన పిల్లకు చక్కెర కలిసిన పొడి కలిపిచ్చిన తల్లులకు ఎవరూ జవాబు చెప్పలేదు.

2003లో బ్రిటన్‌లో క్యాడ్‌బరీ కంపెనీ ఒక పథకం పెట్టింది. చాక్లెట్ కాగితాలు కూడబెట్టి బడికిస్తే ఆట సామాను ఇస్తామంది. ఫుడ్ కమిషన్ అనే వినియోగదారుల సంస్థ కూర్చుని లెక్కవేసింది. ఒక జత వాలీబాల్ స్తంభాలు రావాలంటే పిల్లలు 5,440 చాక్లెట్లు తినాలి. గోల పుట్టింది, పథకం ఆగిపోయింది. ఆ లెక్క చదివినప్పుడు నాకు మా తోటలు గుర్తొచ్చాయి. కోనసీమ కొబ్బరి చెట్ల కింద అంతర పంటగా కోకో వేస్తారు. ఆ గింజలే చాక్లెట్ కంపెనీలకు వెళతాయి. 2025లో ధర పడిపోయి కోకో రైతులు రోడ్డెక్కారు. రైతుకు గింజ మీద న్యాయమైన ధర ఇస్తే ఆ ఇంటి పిల్లకు బూట్లు ఇంట్లోవాళ్లే కొంటారు, ఏ కాగితమూ కూడబెట్టక్కర్లేదు. కంపెనీలు పిల్లలకు చేయగల మేలు చాలావరకు ప్రచార విభాగంలో ఉండదు, కొనుగోలు విభాగంలో ఉంటుంది.

మన నేల కింద గ్యాస్ ఉంది, చమురు ఉంది. తాటిపాకలో ఓఎన్‌జీసీ చిన్న రిఫైనరీ ఉంది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు, అందులో పిల్లలున్నారు. అదే గెయిల్ తర్వాతి ఏళ్లలో గెయిల్ ఇండియన్ స్పీడ్‌స్టార్ పేరుతో దేశమంతా తిరిగి 11 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో వేగంగా పరుగెత్తేవాళ్లను ఏరింది, కొందరిని శిక్షణకు జమైకా కూడా పంపింది. ఆ పిల్లలకు మేలు జరిగింది, సంతోషం. నగరం దుఃఖాన్ని మరిపించడానికే అది పెట్టారని నేననను. నేననేది ఒకటే. ఏరడం వేరు, అందించడం వేరు. వెయ్యిమందిని వరసలో నిలబెట్టి ఒకణ్ణి పట్టుకెళితే మిగిలిన తొమ్మిదివందల తొంభైతొమ్మిది మంది ఆట ఆ సాయంత్రంతో ఆగిపోతుంది. కంపెనీల చట్టం 135వ సెక్షను సామాజిక బాధ్యత కింద లాభంలో రెండు శాతం ఖర్చుపెట్టమంది, తాము పనిచేసే ప్రాంతానికి ముందు చూడమంది. ఏడో షెడ్యూలు గ్రామీణ క్రీడలకు శిక్షణను కూడా అందులో చేర్చింది. 2021 జనవరిలో నిబంధనలు సవరించినప్పుడు, తమ సరుకుకు మార్కెటింగ్ లాభం కోసం చేసే స్పాన్సర్‌షిప్ సామాజిక బాధ్యత కిందికి రాదని స్పష్టంగా రాశారు. మనం కలిపేస్తున్న రెండింటినీ చట్టం విడదీసింది. టీషర్టు మీద గుర్తు వేసుకుంటే అది ప్రకటన, ప్రకటన ఖాతాలోనే రాసుకోవాలి.

ఈత గురించి చెప్పకుండా కోనసీమలో పిల్లల ఆట గురించి రాయకూడదు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, ఆ పైన అడుగడుక్కీ కాలవ. 2025 మే 26న ముమ్మిడివరం మండలం కమిని దగ్గర గోదావరిలో దిగి ఎనిమిది మంది కుర్రాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఏటా ఇలాంటి వార్తలు వస్తూనే ఉంటాయి. మా తాతల నాటికి కాలవ రేవులో ఈత నేర్పే పెద్దవాడు ప్రతి వీధిలోనూ ఉండేవాడు. ఎండు బెండు నడుముకు కట్టి నీళ్లలోకి తోసేవాడు. ఇప్పుడా మనిషీ లేడు, ఆ కాలవ నీళ్లూ దిగేలా లేవు. ఈ సీమ పిల్లలకు అన్నిటికన్నా ముందు నేర్పాల్సిన ఆట ఈత, అది వాళ్ల ప్రాణాన్ని నిలబెడుతుంది. పిల్లలకు ఆట అందిస్తామంటూ ఇక్కడికొచ్చిన ప్రచారాల్లో ఈత కోసం వచ్చినదాన్ని నేను చూడలేదు. తడిసిన పిల్లాడి ఒంటి మీద టీషర్టు ఉండదు.

నాకు ఎదురు చెప్పేవాళ్లు జ్యోతి యర్రాజీ పేరెత్తుతారు. ఎత్తాల్సిన పేరే. విశాఖలో పేద ఇంట పుట్టి, వంద మీటర్ల హర్డిల్స్‌లో 2023లోనూ 2025లోనూ ఆసియా ఛాంపియన్ అయింది. పారిస్ ఒలింపిక్స్‌లో ఆ పరుగులో దిగిన తొలి భారతీయురాలు. భువనేశ్వర్‌లో రిలయన్స్ ఫౌండేషన్ నడిపే కేంద్రంలో, జేమ్స్ హిల్లియర్ దగ్గర ఆమె శిక్షణ పొందింది. ఇది నిజం, దాచనక్కర్లేదు. దానికి ముందు మాట కూడా నిజమే. ఆమెలోని ఎత్తును, అడుగును గుర్తించింది పోర్ట్ హైస్కూల్ వ్యాయామ ఉపాధ్యాయుడు. తర్వాత హైదరాబాద్‌లో భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) కేంద్రంలో నాగపురి రమేశ్ దగ్గర చేరింది, అది సర్కారు సొమ్ము. శిఖరానికి పదడుగుల దూరంలో ఉన్నవాళ్లకు కంపెనీ చేయందించగలదని నేనూ ఒప్పుకుంటాను. కొండ కిందికి వచ్చేసరికి ఆ చెయ్యి అందదు.

గోపీచంద్ అకాడమీ మాటేమిటని అడుగుతారు. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి వచ్చిన గోపీచంద్ కోలా కంపెనీ ప్రకటనకు ఒప్పుకోలేదు. తాను తాగని దాన్ని పిల్లలను తాగమని చెప్పనన్నారు. తర్వాత అకాడమీకి ప్రభుత్వం గచ్చిబౌలిలో ఐదెకరాలు లీజుకిచ్చింది. ఆయన ఇల్లు తాకట్టు పెట్టారు. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ ఐదు కోట్లిచ్చారు, ఒలింపిక్ పతకం రావాలన్నదే ఆయన కోరిక. 2012లో సైనా నెహ్వాల్ కంచు పతకం తెచ్చింది. ఇది వ్యాపారవేత్త సొమ్మే కదా అంటారు. ఔను. ఫౌండేషన్ పేరు కూడా అకాడమీకి పెట్టారు. అయితే ఆ పేరుతో పిల్లల చేత కొనిపించే సరుకేమీ లేదు. ఐదు కోట్లు కోర్టులై, నేలై, అక్కడే ఉండిపోయాయి. వ్యాపారుల డబ్బు వద్దని నేనెప్పుడూ అనలేదు. ఆ డబ్బు నేలగానో జీతంగానో మారాలంటున్నాను, పిల్ల ఒంటి మీద గుర్తుగా మాత్రం వద్దు.

ఇచ్చేవాడు పేరు కోరుకోవడం సహజమంటారు. ఈ మాట కోనసీమలో కూర్చుని అనడం నాకు నచ్చదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు వచ్చినవాళ్లకల్లా ఏ వేళ అనకుండా అన్నం పెట్టారు. ఏడవ ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేక వేడుకల కోసం ఆమె ఫోటో అడిగితే వద్దన్నారని, ఫోటో పంపకపోతే తన ఉద్యోగానికి ఇబ్బందని అధికారి బతిమాలితే తప్ప ఒప్పుకోలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇవాళ మన బళ్లలో మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టారు. ఆ భోజనం తినే పిల్లను, ఆ భోజనం గంట కొట్టే ముందు, కెమెరా ముందు నిలబెట్టి థాంక్యూ మళ్లీ మళ్లీ చెప్పించాం.

అమలాపురం దసరాకు వీధుల్లో సాగే చెడీ తాలింఖానా చూసినవాళ్లకు ఇంకో సంగతి తెలుస్తుంది. కర్ర, కత్తి తిప్పడం అక్కడ పెద్దలు పిల్లలకు నేర్పుతారు. కొంకాపల్లి నుంచి తరాలుగా వస్తున్న విద్య. వీధి చందాలతో నడుస్తుంది. దానిలో లోటుపాట్లున్నాయి, ఆడపిల్లలకు చోటు తక్కువ. అయినా అక్కడ నేర్పేవాడు ఏడాది పొడుగునా ఆ వీధిలోనే ఉంటాడు, అందుకే ఇన్నేళ్లు నిలిచింది.

ప్రభుత్వానికీ ఈ ప్రచారాల అలవాటు అంటింది, అది నాకు ఇంకా బెంగ. 2023 డిసెంబరు 26న మొదలైన ఆడుదాం ఆంధ్రాలో ఊరూరా క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్ పోటీలు పెట్టారు, కిట్లు పంచారు, ఫిబ్రవరిలో బహుమతులిచ్చి ముగించారు. తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆ ఖర్చు మీద విచారణ వేసింది. ఖర్చు సంగతి విచారణకే వదిలేద్దాం. నాకు కావాల్సిన లెక్క వేరు: ఆ రెండు నెలల తర్వాత ఎన్ని బళ్లలో డ్రిల్లు మాస్టారు చేరాడు, ఎన్ని మైదానాలకు మెరక పడింది? కంపెనీ వ్యాను చూసి సర్కారు కూడా వ్యాను కొంటే, మైదానం ఎవరు చూస్తారు?

ఆ రోజు కమిటీ పెద్దాయనకు నేను జవాబివ్వలేదు. ఇప్పుడిస్తున్నాను. మనం ఇవ్వలేకపోయాం అన్నారు మీరు. మనం అడగలేదండీ. గ్రామసభలో రోడ్డు అడిగాం, డ్రైను అడిగాం, శ్మశానానికి ప్రహరీ అడిగాం. బడి మైదానం మెరక ఎప్పుడైనా అడిగామా? డ్రిల్లు మాస్టారి (పీఈటీ) పోస్టు ఖాళీ అని తీర్మానం రాసి మండల విద్యాధికారికి పంపామా? మళ్లీ ఏదైనా కంపెనీ వ్యాను వస్తే టీషర్టులు వద్దని, మెరకకు ఇరవై ట్రాక్టర్ల మట్టి, మూడేళ్ల పాటు ఒక కోచ్ జీతం పంచాయతీ ఖాతాలో వేయమని, వీడియో ఉండదని కాగితం మీద రాసిద్దాం. ఒప్పుకున్నవాళ్లను నెత్తిన పెట్టుకుందాం.

మొన్న ఆ బడికి వెళ్లాను. రెండు నెట్లలో ఒకటి ఇంకా ప్లాస్టిక్ సంచిలోనే ఉంది, కట్టడానికి స్తంభాలు లేవు. రెండోది వెనక తోటలో రెండు కొబ్బరి చెట్ల మధ్య వేలాడుతోంది, ఆ తోట పిల్లలే ఆడుతున్నారు. జూన్ 12న బడి తెరుస్తారు. ఆలోపు గ్రామసభ పెట్టించండి, నేనొస్తాను. మైదానం సర్వే నంబరు, హద్దులు ఉన్న కాగితం తహసీల్దారు ఆఫీసు నుంచి నకలు తీసి నా దగ్గర పెట్టుకున్నాను.